సున్నా డిగ్రీల గీత మీద

2014 జనవరి 28, మంగళవారం. అమెరికాలోని అట్లాంటాలో ఆ రోజు పడిన మంచు రెండున్నర అంగుళాల పైచిలుకు. ఉత్తరాన బఫెలోలోనో మినియాపొలిస్‌లోనో ఉండేవాళ్లు ఆ మాత్రం మంచును వాకిట్లోంచి పక్కకు తోసేసి ఆఫీసుకు బయల్దేరతారు. అట్లాంటా మాత్రం దానికే కుదేలైంది. మధ్యాహ్నం మంచు మొదలవగానే బళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు, కంపెనీలు దాదాపు ఒకేసారి అందరినీ ఇళ్లకు పొమ్మన్నాయి. కార్లన్నీ ఒక్కసారిగా రోడ్డెక్కాయి. చక్రాల కింద నలిగిన మంచు కాస్త కరిగి, మళ్లీ గడ్డకట్టి, రోడ్డంతా నున్నటి ఐసు అయిపోయింది. ఉప్పు, ఇసుక చల్లాల్సిన లారీలు కూడా అదే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి. అరగంట దారికి పది గంటలు పట్టినవాళ్లున్నారు. వేలమంది పిల్లలు ఆ రాత్రి బళ్లలోనే పడుకున్నారు. కార్లు వదిలేసి నడిచిన పెద్దవాళ్లు సూపర్ మార్కెట్లలో, హోమ్ డిపో దుకాణాల్లో తెల్లవార్లూ గడిపారు. ఐ-285 రింగురోడ్డు మీద ఆగిపోయిన కారులోనే ఒక ఆడపిల్ల పుట్టింది.

అప్పటి జార్జియా గవర్నర్ నేథన్ డీల్ మొదట ఇది ఎవరూ ఊహించని తుఫాను అన్నారు. టీవీల్లో వాతావరణం చెప్పేవాళ్లు ఊరుకోలేదు. నేషనల్ వెదర్ సర్వీస్ స్థానిక కార్యాలయం ఆ రోజు తెల్లవారుజామున 3:38కే అట్లాంటా మొత్తానికీ మంచు తుఫాను హెచ్చరిక ఇచ్చిందని గుర్తుచేశారు. గవర్నర్ తర్వాత బాధ్యత తనదేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు.

అయితే తప్పంతా ఒకవైపే ఉందని తేల్చేయడం సరికాదు. ముందురోజు అంచనాల్లో ఎక్కువ మంచు నగరానికి దక్షిణాన పడేలా ఉంది. నగరానికి అంతకన్నా తక్కువ స్థాయి ప్రకటనే ఉంది. గట్టి హెచ్చరిక వచ్చేసరికి ఊరు నిద్రలో ఉంది. ఆ పూట బడి పెట్టాలా వద్దా అని తేల్చాల్సిన అధికారుల చేతిలో మిగిలింది రెండు మూడు గంటలు. వాళ్లు తేల్చుకోలేదు. పొద్దున ఇంకా మంచు మొదలవలేదు, అంతా మామూలుగా బయల్దేరారు.

మంచు తుఫాను అంచనాలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. తుఫాను వస్తుందా రాదా అన్నది ఈ రోజుల్లో చాలాసార్లు నాలుగైదు రోజుల ముందే తెలిసిపోతోంది. చివరిదాకా తేలనివి వేరే ఉన్నాయి: ఏ ఊరికి ఏ రూపంలో వస్తుంది, ఏ గంటకు, ఎంత. ఆ సందేహాన్ని దాచకుండా చెప్పడం అంచనా వేసేవాళ్ల పని. సందేహం ఉండగానే నిర్ణయం తీసుకోవడం వినేవాళ్ల పని. రెండో పని మొదటిదానికన్నా తేలికేమీ కాదు.

ఇది తెలుగువాళ్లకు దూరపు విషయమూ కాదు. అట్లాంటా పక్కన ఆల్ఫరెటా, కమ్మింగ్, నార్త్ కరొలైనాలో షార్లెట్, కేరీ, టెక్సస్‌లో ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్. ఈ ఊళ్ల పేర్లు తెలియని తెలుగు పల్లె ఇప్పుడు అరుదు. టీవీలో మంచు కనబడగానే ‘అక్కడ స్నో అట కదా, బయటికి వెళ్లకండి నాన్నా’ అని ఫోన్లు వెళతాయి. ఆ పేర్లలో ఎడిసన్ తప్ప మిగతావన్నీ దక్షిణాదివి. అంటే చలికాలంలో సున్నా డిగ్రీల గీత ఇటూ అటూ ఊగే చోట్లు. అంచనా వేయడం అన్నిటికన్నా కష్టమయ్యేది అక్కడే.

ఈ తుఫానులకు బీజం చాలాసార్లు అమెరికా నేల మీద పడదు. నాలుగైదు రోజుల ముందు పసిఫిక్ మహాసముద్రం మీద, పది కిలోమీటర్ల ఎత్తున వీచే జెట్ స్ట్రీమ్‌లో ఒక వంపు ఏర్పడుతుంది. అది ఖండం దాటి గల్ఫ్ తీరానికో కరొలైనా తీరానికో వచ్చేసరికి, కింద సముద్రపు తేమ, ఉత్తరాన కెనడా నుంచి దిగిన చలిగాలి రెండూ సిద్ధంగా ఉంటే అల్పపీడనం బలపడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండాల వార్తలు వింటూ పెరిగిన కోస్తా జనానికి ఈ మాటలు కొత్త కావు. కాకపోతే మన తుఫానుకు సత్తువ వెచ్చటి సముద్రం ఇస్తుంది; చలికాలపు తుఫానుకు సత్తువ చల్లగాలికీ వెచ్చగాలికీ ఉన్న తేడాలోంచి వస్తుంది. ఆ రెండూ ఒరుసుకునే చోటనే సున్నా డిగ్రీల గీత కూడా ఉంటుంది.

పసిఫిక్ మీద ఆ వంపు ఎలా ఉందో తెలియడానికి ఉపగ్రహాలు ఉన్నాయి. వాటితోపాటు ప్రయాణికుల విమానాలు దారిపొడుగునా ఉష్ణోగ్రత, గాలి నమోదు చేసి పంపుతాయి. వేసవిలో హరికేన్ల మీదుగా ఎగిరే ప్రభుత్వ విమానాలు చలికాలంలో పసిఫిక్ మీదకు వెళ్లి, చిన్న పారాచూట్లు కట్టిన పరికరాలను కిందకు వదులుతాయి. అన్నిటికన్నా పాతది, నేటికీ తప్పనిది బెలూన్. ప్రపంచమంతా ఒకే సమయానికి, మన గడియారంలో ఉదయం 5:30కి, వందల చోట్ల రేడియోసాండ్ అనే పరికరం కట్టిన బెలూన్లు పైకి లేస్తాయి. విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో కూడా. ముప్ఫై కిలోమీటర్ల ఎత్తుదాకా పోతూ ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు కిందకు పంపి, పలచబడి పగిలిపోతాయి. ఆ లెక్కలన్నీ దేశాల మధ్య ఉన్న వ్యవస్థ ద్వారా అందరికీ చేరతాయి. అట్లాంటాకు అంచనా వేసే కంప్యూటరు కూడా విశాఖ మీది గాలిని లెక్కలోకి తీసుకుంటుంది.

ఆ లెక్కలను సమీకరణాల్లో పెట్టి రేపటి గాలిని గణించడం లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చేత్తో చేసి చూపించబోయి విఫలమై, 1922లో అచ్చువేసి చెప్పిన పని. 1950లో ఎనియాక్ కంప్యూటరు మీద అది మొదటిసారి కుదిరింది. ఇరవైనాలుగు గంటల అంచనాకు దాదాపు ఇరవైనాలుగు గంటలూ పట్టింది. ఇప్పుడు అమెరికా వారి జీఎఫ్ఎస్, ఐరోపా దేశాలు కలిసి నడిపే ఇంగ్లండ్‌లోని రీడింగ్ కేంద్రం వారి మోడల్ పది రోజులకు పైగా భూగోళమంతటికీ లెక్కకడతాయి. మొదట తీసుకున్న కొలతల్లో చిన్న తేడా ఉంటే రోజులు గడిచేకొద్దీ అది పెద్దదైపోతుందని 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ చూపించారు. అందుకే 1992 చివరి నుంచి ఈ రెండు కేంద్రాలూ ఒకే అంచనాతో సరిపెట్టుకోవడం మానేశాయి. మొదలు కొంచెం కొంచెం మార్చి పదుల సంఖ్యలో లెక్కలు వేస్తాయి. రీడింగ్ కేంద్రం ఇప్పుడు ఒక్కోసారీ యాభై పైచిలుకు వేస్తుంది. వాటిలో నలభై దాకా ఒకే దారి చూపిస్తే ధైర్యంగా చెప్పొచ్చు. సగం తుఫానును సముద్రంలోకీ సగం తీరం మీదకూ పంపితే, ఆ సంగతే జనానికి చెప్పాలి.

ఇంతవరకు పెద్ద లెక్క. కిందకు దిగేకొద్దీ కష్టం పెరుగుతుంది.

మేఘంలో మైనస్ 12, మైనస్ 18 డిగ్రీల మధ్య ఉండే పొరలో ఆరు కొమ్మల మంచు రేకులు బాగా పెరుగుతాయి. చలికాలంలో అట్లాంటా మీద పడే వాన కూడా చాలావరకు పైన మంచుగానే మొదలవుతుంది. అది నేలకు ఏ రూపంలో చేరుతుందన్నది దారిలో తగిలే గాలి మీద ఆధారపడి ఉంటుంది. దారంతా సున్నా కన్నా తక్కువైతే మంచు మంచుగానే దిగుతుంది. మధ్యలో, నేల నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున, గల్ఫ్ మీంచి వచ్చిన వెచ్చటి పొర అడ్డుపడితే కథ మారిపోతుంది. ఆ పొర ఒక డిగ్రీలోపు ఉంటే రేకులు పెద్దగా చెదరవు. ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే సగం కరిగి, కింది చలిలో మళ్లీ గడ్డకట్టి గింజల్లా టపటపా పడతాయి. దీన్ని స్లీట్ అంటారు. మన ఎండాకాలపు వడగళ్లు వేరు, ఇది వేరు. మూడు డిగ్రీలు దాటితే పూర్తిగా కరిగి వానచుక్కలవుతాయి. కింద నేలను ఆనుకున్న చలిగాలి పొర పలచగా ఉంటే మళ్లీ గడ్డకట్టే వ్యవధి వాటికి ఉండదు. సున్నా కన్నా చల్లబడి కూడా నీళ్లుగానే దిగి, తాకిన చోటల్లా గడ్డకడతాయి. కొమ్మ, కరెంటు తీగ, కారు అద్దం, వంతెన, మెట్లు, అన్నిటి మీదా పారదర్శకమైన పొర. అదే ఫ్రీజింగ్ రెయిన్.

అంటే రెండు కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిలో రెండు డిగ్రీల తేడా చాలు, ఒక ఊరికి పిల్లలు సంబరపడే మంచు, పక్క ఊరికి వారం రోజుల చీకటి. తీగ చుట్టూ పావు అంగుళం మందాన ఐసు పేరుకునేలా ఉంటే నేషనల్ వెదర్ సర్వీస్ చాలాచోట్ల ఐస్ స్టార్మ్ హెచ్చరిక ఇస్తుంది. అర అంగుళానికి చెట్లు విరిగి తీగల మీద పడతాయి. 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్, తూర్పు ఒంటారియోల మీద ఇలాంటి వాన ఐదారు రోజులు విడతలుగా కురిసింది. కొన్నిచోట్ల మొత్తం వంద మిల్లీమీటర్లు దాటింది. హైటెన్షన్ లైన్ల ఉక్కు టవర్లు వెయ్యి దాకా వరుసగా వంగి కూలిపోయాయి. అమెరికా వైపు జనాన్నీ కలుపుకుంటే లక్షలాదిమంది నడిశీతాకాలంలో కరెంటు లేకుండా గడిపారు, కొందరైతే వారాల తరబడి.

కింది పొర ఎంత చల్లగా ఉంటుందన్నది ఇంకో పరీక్ష. థర్మామీటరు నాలుగు డిగ్రీలు చూపిస్తున్నా మంచు పడొచ్చు. గాలి బాగా పొడిగా ఉంటే, అందులోంచి పడుతున్న చుక్కలు కొంత ఆవిరైపోతూ గాలిని చల్లబరుస్తాయి. ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఈ సూత్రం మీదే. గాలిలో తేమ ఎంతుందో చెప్పే తుషార బిందువు (డ్యూ పాయింట్) మైనస్ పదిలో ఉంటే ఆ నాలుగు డిగ్రీల గాలి కాసేపట్లో సున్నాకు కాస్త కిందకు జారుతుంది. అందుకే అనుభవమున్న వాతావరణ నిపుణులు వచ్చే తుఫాను గురించి చెప్పేముందు ఉష్ణోగ్రతకన్నా తేమను చూస్తారు. దీనికి ఎదురుగా పనిచేసే సంగతీ ఒకటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది. ఫ్రీజింగ్ రెయిన్ కురిసేకొద్దీ ఆ వేడికి నేల దగ్గరి గాలి మెల్లగా సున్నాకు చేరి, ఐసు కాస్తా మామూలు వానైపోతుంది. ఎక్కడినుంచైనా పొడి చలిగాలి ఎడతెగకుండా అందుతుంటేనే ఐసు పేరుకుంటూ పోతుంది.

కరొలైనాలకూ ఉత్తర జార్జియాకూ అలా అందించే ఏర్పాటు భౌగోళికంగానే ఉంది. ఈశాన్యాన న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్‌ల మీద అధికపీడనం నిలిచినప్పుడు, అక్కడి చలిగాలి అపలాచియన్ కొండల తూర్పు వాలును ఆనుకుని దక్షిణానికి పారుతుంది. బరువైన గాలి కనుక కొండ దాటి పడమటికి పోలేదు. వర్జీనియా నుంచి అట్లాంటా ఉత్తర శివార్ల దాకా, కొన్ని వందల మీటర్ల మందాన పరుచుకుని కూర్చుంటుంది. అక్కడివాళ్లు దీన్ని ‘వెడ్జ్’ అంటారు. దాని మీదుగా గల్ఫ్ తేమ ఎక్కుతుంది. పైన వాన, కింద ఐసు. పెద్ద మోడళ్లకు ఈ పలచటి చలిపొర సరిగ్గా కనబడదు. అసలు కన్నా తొందరగా కరిగిపోతుందని లెక్కవేయడం వాటికి పాత అలవాటు. స్థానిక కార్యాలయాల్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు కంప్యూటరు చెప్పిన గంటకు ఇంకొన్ని గంటలు కలుపుకునేది అందుకే. కరొలైనాల్లో అంచనాలు వినేవాళ్లకు ఐ-85 హైవే పేరు పదేపదే వినబడుతుంది: దానికి ఉత్తరాన మంచు, దాని మీద ఐసు, దక్షిణాన వాన. హైవేకు ఆ శక్తేమీ లేదు. కొండల దిగువన ఆ గీత తరచు పడే దిశలోనే ఆ రోడ్డు కూడా పోతుంది, అంతే.

అన్నిటికన్నా భయపెట్టేది మాత్రం తుఫాను పేరుకు కూడా నోచుకోని తుంపర. 2021 ఫిబ్రవరి 11, టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్. ఐ-35డబ్ల్యూ మీద ఎత్తుగా కట్టిన టోల్ లేన్లు. ఉదయం ఆరు గంటలు, ఇంకా చీకటి. ఉప్పునీళ్లు రెండు రోజుల కిందటే చల్లారు. తుంపర వంతెన మీద కంటికి కనబడని పొరగా గడ్డకట్టింది. ఒక వాహనం జారింది, వెనకవి ఆగలేకపోయాయి. దాదాపు నూటముప్ఫై వాహనాలు ఒకదాని మీదకొకటి ఎక్కి, ఆరుగురు చనిపోయారు.

ఆ తుంపర పుట్టుక కూడా వేరు. మేఘం పైభాగం మైనస్ పదికన్నా వెచ్చగా ఉంటే అందులో ఐసు స్ఫటికాలు దాదాపు పుట్టవు. నీటి చుక్కలు సున్నా కన్నా చల్లబడి కూడా నీళ్లుగానే ఉండి, ఒకదానితో ఒకటి కలిసి సన్నగా రాలతాయి. చుక్కలు చిన్నవి, మేఘం కిందగా ఉంటుంది, రాడార్‌కు ఏమంత కనబడదు. కొలిస్తే అంగుళంలో వందో వంతు కూడా ఉండకపోవచ్చు. వంతెన కింద గాలి ఆడుతుంది, నేల వేడి అందదు, అందుకే ముందు గడ్డకట్టేది వంతెనలే. ‘పడేది తుంపరే కదా’ అన్న మాట చలికాలంలో డాలస్‌లో అనకూడనిది.

ఇక ఎంత పడుతుందన్న ప్రశ్న. ఒక అంగుళం వాన నీళ్లు మంచుగా పడితే పది అంగుళాలవుతుందని స్థూలంగా లెక్క. తడి మంచైతే ఐదే కావచ్చు, పొడి మంచైతే ఇరవై కావచ్చు. నీటి లెక్కలో పావు అంగుళం తప్పు కూడా నేల మీద రెండున్నర అంగుళాల తప్పవుతుంది, పొడి మంచైతే ఐదు. తుఫాను దారి కాస్త జరిగితే ఇక చెప్పక్కర్లేదు. 2015 జనవరి 26న న్యూయార్క్‌కు 20 నుంచి 30 అంగుళాల మంచు పడుతుందన్నారు. ఆ రాత్రి నగర చరిత్రలో మొదటిసారి మంచు కోసం సబ్‌వే ఆపేశారు, రోడ్ల మీదకు కార్లు రాకూడదన్నారు. తెల్లారేసరికి సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు. లాంగ్ ఐలాండ్‌లో ఐస్లిప్ దగ్గర మాత్రం దాదాపు 25 అంగుళాలు, మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో 34.5. తుఫాను వచ్చింది, చెప్పినంతా కురిసింది, ఎనభై కిలోమీటర్ల దాకా తూర్పుకు జరిగి కురిసింది. న్యూజెర్సీ, ఫిలడెల్ఫియాలకు అంచనాలు వేసే కార్యాలయం అధిపతి గ్యారీ షట్కోవ్‌స్కీ ఆ రాత్రే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మా మాట నమ్మి కష్టమైన నిర్ణయాలు తీసుకున్నారు, మేం సరిగ్గా చెప్పలేకపోయాం అన్నది ఆయన మాటల సారం. అమెరికాలో ఆ రంగంలో ఉన్నవాళ్లు ఆ మాటలు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు.

విచిత్రమేమంటే ఆ రాత్రి సమాచారం చాలకపోలేదు. ఐరోపా మోడల్ నగరం మీద భారీగా మంచు చూపించింది. అంతకుముందే మెరుగుపరిచిన అమెరికా జీఎఫ్ఎస్ మంచు తూర్పుకు తప్పుకుంటుందంది. 2012లో శాండీ తుఫాను విషయంలో ఐరోపా మోడల్ ముందే సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకుంది కనుక, మొగ్గు అటే వెళ్లింది. పడమటి అంచు ఎక్కడ తెగుతుందో తెలియదన్న సంగతి నిపుణుల మధ్య నడిచిన చర్చల్లో ఉంది. టీవీ తెర మీదకు వచ్చేసరికి ‘20 నుంచి 30’ అన్న రెండంకెలే మిగిలాయి. ఇప్పుడు నేషనల్ వెదర్ సర్వీస్ కార్యాలయాలు ఒక్క పటంతో ఊరుకోవడం లేదు. ఎక్కువ అవకాశం ఉన్నది ఎంత, పదిలో తొమ్మిది వంతుల నమ్మకంతో కనీసం ఎంత, పదిలో ఒక వంతు అవకాశంతో అత్యధికంగా ఎంత అని మూడు పటాలు పెడుతున్నాయి. షార్లెట్‌లో ఉన్న కుటుంబం కనీసం సున్నా, అత్యధికం ఎనిమిది అంగుళాలు అని చూసిందనుకుందాం. ఆ తేడాయే అసలు వార్త. పాలు, మందులు ముందే తెచ్చి పెట్టుకోవడానికి ఆ ఎనిమిది చాలు. ప్రయాణం మానుకోవాలా అన్నది మర్నాటి పటం చూసి తేల్చుకోవచ్చు.

పడిన మంచును కొలవడం కూడా వినడానికున్నంత తేలిక కాదు. తెల్ల రంగు వేసిన రెండడుగుల చెక్క పలకను గాలి పోగుచేయని చోట నేల మీద పెట్టి, దాని మీద పడినదాన్ని స్కేలుతో కొలిచి, పలక తుడిచి మళ్లీ పెట్టాలి. ఆరు గంటలకన్నా తరచుగా తుడిస్తే మొత్తం పెరిగిపోతుంది, ఎందుకంటే మంచు తన బరువుకే కుంగుతుంది. 2016 జనవరి తుఫానులో వాషింగ్టన్ రేగన్ విమానాశ్రయంలో ఆ పలకే మంచు కింద కనబడకుండా పోయింది. అక్కడ నమోదైన 17.8 అంగుళాల మీద పెద్ద రభసే జరిగి, విచారణ దాకా వెళ్లింది. అంచనా తప్పో ఒప్పో తేల్చేది ఆ కొలతే కనుక, ఆ రభస అనవసరమైంది కాదు.

ముందే తెలిస్తే ఏం చేయొచ్చో చూపించినది 1993 మార్చి తుఫాను. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1979 ఫిబ్రవరిలో, వాషింగ్టన్‌ను అడుగున్నర మంచు చెప్పాపెట్టకుండా కప్పేసింది. లూయిస్ ఉచెల్లిని, పాల్ కోసిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ తుఫానునూ, అలాంటి ఈశాన్యపు తుఫానులనూ ఏళ్లపాటు తవ్వి చదివారు. 1993లో తుఫాను ఇంకా పుట్టకముందే, ఐదు రోజుల ముందు, తూర్పు తీరమంతా దెబ్బతింటుందని మోడళ్లు చెప్పాయి. నిపుణులు నమ్మారు. మంచు పడకముందే కొందరు గవర్నర్లు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మంచు అరుదైన అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో అడుగుకు పైగా పడింది. ఇంత గెలుపులోనూ ఒక లోటు ఉంది. గల్ఫ్‌లో అది మొదట్లో బలపడిన వేగాన్ని మోడళ్లు పట్టుకోలేకపోయాయి. చలికాలపు తుఫాను ఉప్పెన తెస్తుందని ఫ్లోరిడా వాయవ్య తీరంలో అనుకున్నవాళ్లు తక్కువ. రాత్రివేళ సముద్రం పది అడుగుల దాకా ఎగసి ఇళ్ల మీద పడింది.

అంచనా జనానికి చేరే మాటల్లో మూడు మెట్లున్నాయి. ‘వాచ్’ అంటే అవకాశం గట్టిగా ఉంది, ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంది, సిద్ధపడండి. ‘వార్నింగ్’ అంటే దాదాపు ఖాయం. ‘అడ్వైజరీ’ అంటే ప్రాణాంతకం కాకపోవచ్చుగానీ రోడ్డు మీద ఇబ్బంది తప్పదు. కొత్తగా వెళ్లిన విద్యార్థులు ‘వాచ్’ అంటే తేలికైనదని పొరబడుతుంటారు. సిద్ధం కావడానికి సమయం దొరికేది నిజానికి అందులోనే. ఇంకో సంగతి: ఏ ఊరికి ఆ ఊరి కొలమానమే ఉంటుంది. జార్జియాలో రెండు అంగుళాలకు వచ్చే హెచ్చరిక బఫెలోలో అంతకు మూడు నాలుగు రెట్లు పడితేగానీ రాదు. కారణం మంచులో లేదు, దాన్ని ఎత్తే యంత్రాల సంఖ్యలో, చక్రాల రకంలో, జనం అలవాటులో ఉంది.

జనవరి దెబ్బ తిన్న రెండు వారాలకే, 2014 ఫిబ్రవరి రెండో వారంలో, అట్లాంటాకు మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఈసారి వాతావరణ కార్యాలయం చాలా తీవ్రమైన మాటలు వాడింది. బళ్లు, ఆఫీసులు ముందురోజే మూసేశారు. హైవేలు ఖాళీగా ఉన్నాయి. ఐసు తూర్పున ఆగస్టా వైపు ఎక్కువగా పేరుకుని, అక్కడి ప్రఖ్యాత గోల్ఫ్ మైదానంలో ఐసెన్‌హోవర్ పేరుతో పిలిచే పెద్ద పైన్ చెట్టును తీసేయాల్సినంతగా దెబ్బతీసింది. అట్లాంటాలో మాత్రం జనవరిలోలాగా జనం రోడ్ల మీద రాత్రి గడపాల్సి రాలేదు. అదే రోజు, ఫిబ్రవరి 12న, నార్త్ కరొలైనా రాజధాని రాలీలో హెచ్చరిక ఉండగానే జనం మధ్యాహ్నం దాకా ఆఫీసుల్లో ఉండి, మంచు మొదలయ్యాక ఒకేసారి బయల్దేరారు. గ్లెన్‌వుడ్ అవెన్యూ మీద ఆగిపోయిన కార్ల మధ్య ఒకటి మంటల్లో ఉన్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. రెండు ఊళ్లకూ అందింది ఒకే రకం సమాచారం. ఒకరు ముందురోజు నిర్ణయించారు, ఇంకొకరు మంచు కనబడ్డాక.

2021లో టెక్సస్‌ది మరో పాఠం. ఫోర్ట్‌వర్త్ ప్రమాదం తర్వాత నాలుగైదు రోజులకు వచ్చిన గడ్డు చలిని వారం ముందే చెప్పారు. చెప్పినట్టే వచ్చింది. ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో మైనస్ 19 డిగ్రీలు. చలికి తట్టుకునే ఏర్పాట్లు లేని విద్యుత్ కేంద్రాలు, గ్యాస్ పైపులు మొరాయించాయి. నలభై ఐదు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొందరికి మూడు నాలుగు రోజులు. రాష్ట్ర ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు. ఆ మరణాలను అంచనా తప్పిదాల ఖాతాలో వేయలేం. విద్యుత్ కేంద్రాలను చలికి సిద్ధం చేయాలన్న చట్టం ఆ తర్వాత వచ్చింది.

ఇప్పుడు అంచనాల్లోకి కృత్రిమ మేధ వచ్చింది. రీడింగ్ కేంద్రం 2025 ఫిబ్రవరిలో అలాంటి మోడల్‌ను రోజువారీ వాడకంలో పెట్టింది. దశాబ్దాల వాతావరణాన్ని చదివి నేర్చుకున్న ఈ పద్ధతి తుఫాను దారిని నిమిషాల్లో చెబుతుంది, బాగానే చెబుతుంది. దారి సరే, నేలకు చివరి కిలోమీటరులో ఏం జరుగుతోందన్నది దానికీ కష్టమే. రాడార్‌కు కూడా ఆ చివరి కిలోమీటరు సరిగ్గా కనబడదు, ఎందుకంటే భూమి గుండ్రంగా ఉండటం వల్ల దూరం పోయేకొద్దీ దాని కిరణం నేలకు ఎత్తుగా పోతుంది. అమెరికా పరిశోధకులు ఓక్లహామా విశ్వవిద్యాలయంతో కలిసి 2012లో ఎంపింగ్ అనే ఫోన్ యాప్ తెచ్చింది ఈ ఖాళీని పూరించడానికే. తలుపు తీసి చూసి, పడుతున్నది వానో, స్లీటో, మంచో, తాకగానే గడ్డకడుతున్న చినుకో ఎంచుకుని పంపితే చాలు. పేరు అడగరు. కేరీలోనో కమ్మింగ్‌లోనో ఉన్న ఎవరైనా పంపొచ్చు. వెడ్జ్ ఇంకా నిలిచి ఉందా, చెదిరిందా అని ఆ గంటలో తేల్చుకోవాల్సిన వాతావరణ కార్యాలయానికి అది నేరుగా పనికొస్తుంది.